వడదెబ్బ తగిలిన కుక్క, నేను చెప్పని మాట

ఆ కుక్కను గేటు పక్క గదిలో పెట్టి తలుపు వేయమన్నది నేనే. ఈ సంగతి మొదటే ఒప్పుకోకపోతే, ఇక ముందు రాయబోయేదంతా సంజాయిషీలా కనబడుతుంది.

నేను అచ్యుతాపురంలోని ఒక కర్మాగారంలో భద్రతాధికారిని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని. నాన్న విశాఖపట్నం పోర్టులో కళాసీగా ఓడల్లో సరుకు ఎగుమతి, దిగుమతి పనులు చేసి మానుకున్నారు. అమ్మకు సంతకం రాదు. డిగ్రీ అయ్యాక పారిశ్రామిక భద్రతలో డిప్లొమా చేసి, గాజువాక నుంచి కంపెనీ బస్సులో రోజూ వెళ్ళివచ్చే ఈ ఉద్యోగంలో చేరాను. చేరిన నాటి నుంచి నాలో ఒక నమ్మకం బలపడుతూ వచ్చింది. ఏ ప్రమాదమైనా కాగితం మీదకు ఎక్కితే సగం తప్పినట్టేనని.

ఎండాకాలంలో నా పనుల్లో ముఖ్యమైనది వేడిని కొలవడం. మామూలు థర్మామీటరు పక్కన తడిగుడ్డ చుట్టిన మరొక థర్మామీటరు ఉంటుంది. మా తీరప్రాంతంలో ఎండ అంకె చూస్తే అంత భయం వేయదు. టీవీలో గుంటూరు వైపు అంకెలు చూసి, మనకు సముద్రం ఉంది కాబట్టి నయమే అనుకుంటాం. కానీ గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. తడి థర్మామీటరు చెప్పేది ఆ సంగతే. దాన్ని చూసి ఉదయం పదింటికి షెడ్డు ముందు పచ్చ, పసుపు, ఎరుపు జెండాల్లో ఒకటి కడతాను. ఎరుపు జెండా ఉన్న రోజు లోడింగు వాళ్ళకు ప్రతి గంటకూ పావుగంట విశ్రాంతి ఇవ్వాలి. ఆ పద్ధతి పెట్టించింది నేనే. దాని గురించి కొంత గర్వం ఉండేదని కూడా ఒప్పుకోవాలి.

కుక్క మా గేటుకు వచ్చి అప్పటికి ఏడాది దాటింది. వీధికుక్క కాదు. ముఖం చప్పిడిగా, ముక్కు లోపలికి నొక్కుకుపోయి ఉండేది. ఏ ఇంట్లోనో ముచ్చటపడి పెంచి, వయసు మళ్ళాక సెజ్ రోడ్డు మీద దింపి వెళ్ళిపోయినట్టున్నారు. మా గేటులో ఆడవాళ్ళ సంచులు తనిఖీ చేసే సెక్యూరిటీ ఆమె దానికి మొదట అన్నం పెట్టింది. యాభై దాటిన మనిషి, దగ్గరి పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చేది. కుక్కకు పేరు పెట్టలేదు. "ముసలాయనా" అని పిలిచేది. క్యాంటీనులో మిగిలిన పెరుగన్నం, చేపముక్కలు తిని అది బాగా ఒళ్ళు చేసింది. గేటు నీడలో పడుకుని పెద్దగా గురక పెట్టేది.

టీ వేళకు బయటికి వచ్చే ప్యాకింగు ఆడవాళ్ళకు ఆ గురక ఒక కాలక్షేపం.

"ఏటి పిన్నీ, మీ ముసలాయన పట్టపగలే గురకెడతన్నాడు?" అని ఒకామె అనేది.

"నీకేటే బాధ? ఇంటికాడ ఒకడు గురకెట్టి నన్ను పడుకోనివ్వడు, ఈడ ఈడొకడు."

"ఈ ముసలాయన తాగొచ్చి తగువెట్టడు గదా!"

"అందుకే మరి, సేపముక్క ముందీడికే ఎడతన్నాను."

అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ని. అది ఇరుకైన ముక్కుతో, గొంతుతో పెనుగులాడే ఊపిరి చప్పుడని, అటువంటి కుక్కకు మామూలు వేసవి కూడా గండమేనని నాకు అప్పటికి తెలియదు. నాకు తెలిసిన వడదెబ్బ అంతా మనుషులది.

మే నెలలో మా సరుకు కొనేవాళ్ళ తరఫున తనిఖీ బృందం వస్తుందని కబురు వచ్చింది. ఆ రోజు ఆవరణలో కుక్క కనబడకూడదని మేనేజరు చెప్పారు. హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరు మనిషి, "గోనెలో ఏసుకుని అనకాపల్లి అవతల వొదిలేసొత్తాం సార్, మళ్ళీ రాదు" అన్నాడు. నేను వద్దన్నాను. గేటు పక్కన పూర్వం హాజరు వేసే గది ఖాళీగా ఉంది. తనిఖీ ముగిసేదాకా, గంటో గంటన్నరో, అందులో ఉంచుదామన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మంచితనానికి నేనే సంతోషించాను.

గదికి సిమెంటు రేకుల కప్పు. ఒకే కిటికీ. అరిస్తే వినబడుతుందని దాన్ని నేనే మూయించాను. బేసిను నిండా నీళ్ళు పెట్టించాను. ఒక గోనెసంచిని తడిపి, కుక్క వీపు మీదుగా పొట్టదాకా కప్పి, జారిపోకుండా పురికొసతో వదులుగా కట్టాను. ఇది నాకు ఇంటి నుంచి వచ్చిన తెలివి. నాన్న ఎండాకాలం తలకూ మెడకూ తడి తువ్వాలు చుట్టుకుని పనికి వెళ్ళేవారు. అది చూస్తూ పెరిగాను. మనిషికి చల్లదనం ఇచ్చేది కుక్కకూ ఇస్తుందని తేలికగా నమ్మాను.

సెక్యూరిటీ ఆమె గడప దగ్గర నిలబడి చూస్తోంది. కర్మాగారంలో అందరూ నన్ను సార్ అనేవారు. ఆమె మాత్రం బాబూ అనేది.

"బాబూ, ఈ గదిలో నాకే ఊపిరాడదు. నాలుగు రోజులు వానలు పడి, ఇయాల ఒక్కసారే కాసింది. ఉక్క సూడు ఎలాగున్నాదో."

"గంటే కదమ్మా. నీడ ఉంది, నీళ్ళున్నాయి. తడిగోనె కూడా కప్పాను."

"పోనీ ఆ కిటికీ అన్నా తీసి ఉంచు."

"అరుస్తుందమ్మా. వాళ్ళు వెళ్ళగానే నేనే వచ్చి తీస్తాను."

ఆమె గేటు దగ్గరకు తిరిగి వెళ్ళింది. చదువుకున్నవాడు అంత నిబ్బరంగా చెబితే ఆమెలాంటివాళ్ళు ఊరుకుంటారు. మా అమ్మ కూడా అలాగే ఊరుకునేది.

ఆ ఉదయం నేను కట్టినది ఎరుపు జెండా. తనిఖీకి వచ్చినవాళ్ళు దాని ముందు ఆగి, పద్ధతి అడిగి తెలుసుకుని, బాగుందన్నారు. నేను వివరంగా చెప్పాను. తేమ ఎందుకు ప్రమాదమో, నాలుగు రోజులు చల్లబడి హఠాత్తుగా కాసిన మొదటి రోజున ఒళ్ళు ఎందుకు తట్టుకోలేదో, గాలి ఆడని చోట ఎవరినీ ఎందుకు ఉంచకూడదో. ఒక్కొక్కటీ నా నోటితో నేనే చెప్పాను. చెబుతున్నంతసేపూ గేటు గది నాకు వంద అడుగుల దూరంలో ఉంది.

గంట అనుకున్నది సాగింది. రికార్డులు చూశారు, గోదాము చూశారు. ఆమె గేటు దగ్గర నుంచి నాకేసి రెండుసార్లు చెయ్యి ఊపింది. రెండుసార్లూ చూశాను. రెండుసార్లూ చూడనట్టు తల తిప్పుకున్నాను. అతిథుల ముందు సెక్యూరిటీ ఆమె సైగలకు బదులివ్వడం బాగుండదనిపించింది. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

రెండున్నర గంటల తరువాత వాళ్ళు భోజనానికి కూర్చున్నప్పుడు ఆమె గేటు విడిచి, తాళంచెవి తెప్పించుకుని, తలుపు తీసింది. ఆమె కేక విని పరుగెత్తాను.

కుక్క పక్కకు పడి ఉంది. నాలుక బయటికి వేలాడి, ఇటుకరంగులో ముదిరిపోయింది. నోటి చుట్టూ జిగట నురగ. వాంతి చేసుకుంది. బేసినులో నీళ్ళు చాలావరకు అలాగే ఉన్నాయి. ఎగశ్వాస పెట్టే కుక్క నీళ్ళు తాగలేదని అప్పుడు తెలిసింది. ఆమె పురికొస తెంపి గోనె లాగి అవతల పారేసింది. దాని కింద చెయ్యి పెట్టి చూశాను. కుండ మీది మూత తీసినట్టు ఆవిరి తగిలింది.

"ఉడికిపోనాడు బాబూ! ఈ గోనె ఏటి, దుప్పటి కప్పినట్టు!"

నాకు వచ్చినదల్లా ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు తెప్పించి కలపడం. దాని నోట్లో పోయబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మింగలేనోడి గొంతులో పోత్తావేటి? పొర పోద్ది. డాకటేరుకి ఫోన్ సెయ్యి."

గాజువాకలో ఒక పశువైద్యుని బోర్డు రోజూ బస్సులోంచి చూసేవాణ్ని. నంబరు వెతికి పట్టుకున్నాను. ఆయన తొందరపడకుండా చెప్పారు. "నోట్లో ఏమీ పోయకండి. ముందు అక్కడే చల్లబరచండి, తరువాత బయల్దేరండి. నీళ్ళు పొట్ట మీద, తొడల మధ్య, పాదాల మీద పోస్తూ ఉండండి. పోస్తున్నంతసేపూ ఫ్యాను తగలాలి. గుడ్డలు కప్పవద్దు, వేడి లోపలే ఉండిపోతుంది. ఐసు కోసం వెతుకుతూ కూర్చోకండి."

కుళాయి తిప్పితే మేడ మీది నల్లటి ట్యాంకు నీళ్ళు చెయ్యి కాలేలా వచ్చాయి. అతిథుల కోసం తెప్పించిన మంచినీళ్ళ క్యాన్లు క్యాంటీను నుంచి మోయించాను. ప్యాకింగు షెడ్డు నుంచి పెద్ద ఫ్యాను తోసుకొచ్చారు. ఆమె నేల మీద చతికిలబడి, పొట్ట మీద నీళ్ళు పోస్తూ, అరచేత్తో బొచ్చును ఎదురు దువ్వుతూ కూర్చుంది. "లేరా ముసలాయనా, ఇదిగో, సల్లగా ఉన్నాది సూడు" అని మాట్లాడుతూనే ఉంది. మూడో క్యాను సగమయ్యేసరికి ఊపిరి కాస్త నెమ్మదించింది. ఇంకొంతసేపటికి తల ఎత్తింది. కంపెనీ వ్యాను ఎక్కించబోయే ముందు నాలుగు కాళ్ళ మీదా నిలబడి, తూలి, మళ్ళీ నిలబడింది. చుట్టూ చేరిన ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆమె గేటు వదిలి రావడానికి వీల్లేదు. కాబట్టి డాక్టరు దగ్గరకు నేనూ డ్రైవరూ వెళ్ళాం. ఆయన జ్వరం చూసి, సెలైను పెట్టి, మందులిస్తూ ప్రశ్నలు అడిగారు. వయసెంత? ఇంత ఒళ్ళు ఎందుకు చేయనిచ్చారు? మామూలప్పుడు కూడా ఇలా గురక పెడుతుందా? గదిలో గాలి ఆడేదా? నిన్నటిదాకా వాతావరణం ఎలా ఉంది? ఒక్కొక్క ప్రశ్నకూ జవాబు చెబుతుంటే నాకు తల వంగిపోయింది. అవి నేను అడగవలసిన ప్రశ్నలు. ఉదయమే, తలుపు వేయకముందే. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదనీ, అది చల్లబడేది ముఖ్యంగా రొప్పడంతోనేననీ, ముఖం చప్పిడిగా ఉన్నదానికి ఆ దారి కూడా ఇరుకేననీ ఆయన చెప్పారు. గది గాలే తడితో బరువెక్కితే, ఎంత రొప్పినా లాభం లేదట. ఆ తడిని గదిలోకి తెచ్చినవాణ్ని నేను.

చివర్లో ఆయన అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "ఇవాళ లేచి నిలబడిందని ధైర్యపడకండి. లోపల కిడ్నీలకో, లివరుకో దెబ్బ తగిలి ఉంటే రెండు మూడు రోజులకు బయటపడుతుంది. రేపు ఉదయం తప్పకుండా తీసుకురండి. రక్తం పరీక్ష చేయాలి."

తప్పకుండా తెస్తానన్నాను. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

మా వృత్తిలో ఒక రిజిస్టరు ఉంటుంది. జరగబోయి తప్పిపోయిన ప్రమాదాలను అందులో రాస్తాం. పై నుంచి పానా జారి పడింది, కింద ఎవరూ లేరు, ఇలాంటివి. కారణం, తీసుకున్న చర్య రాసి, చివరి గడిలో 'ముగిసినది' అని సంతకం చేయాలి. అదే రోజు ముగిస్తే మంచి పనితనం కింద లెక్క. ఆ సాయంత్రం కుక్క సంగతి అందులో రాశాను. అక్షరాలు కుదురుగా ఉన్నాయి. చివరి గడిలో 'ముగిసినది' అని రాసి సంతకం పెట్టాను.

బయటికి వస్తే ఆమె కుక్కను గేటు నీడలో పడుకోబెట్టుకుని ఉంది.

"డాకటేరు ఏటన్నాడు బాబూ? మళ్ళీ తెమ్మన్నాడేటి?"

మరునాడు తనిఖీ ముగింపు సమావేశం. నేను ఉండి తీరాలి. ఉదయమే వ్యాను అడిగితే మేనేజరు ముందు జరిగినదంతా మళ్ళీ చెప్పుకోవాలి. కుక్క నా ఎదుటే తోక ఊపింది. ఇవన్నీ ఒక్క క్షణంలో నా మనసులో తిరిగాయి.

"అవసరమైతే తెమ్మన్నారమ్మా. ఏం భయం లేదు" అన్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నకు కథంతా చెప్పాను, కుక్క బతికిన కథగా. నాన్న అన్నం కలుపుతూ ఆగి, "తలుపేసినావా?" అన్నారు.

"నీడలో పెట్టాను నాన్నా. నీళ్ళు కూడా పెట్టాను."

"ఓడ అడుగున మాకూ నీడే, నీళ్ళ క్యానూ ఉండీది. గాలే ఉండీది కాదు. గంటకొకడు పడిపోయీవోడు. పైకి లాక్కొత్తే లేచి టీ తాగీవోడు. టీ తాగినాడు గదా అని ఇంటికి పంపీసీవోళ్ళు." మళ్ళీ అన్నం కలుపుతూ, "ఆ రేతిరికి అందరూ బాగుండీవోళ్ళు కాదు" అన్నారు.

ఆ మాట వినగానే జేబులో చీటీ గుర్తుకు రావలసింది. వచ్చింది కూడా. రేపు సమావేశం అయ్యాక చూద్దాం అనుకున్నాను.

మరునాడు సమావేశం మధ్యాహ్నం దాటింది. కుక్క రెండు ముద్దలు తిన్నదని, తరువాత పడుకునే ఉందని ఆమె చెప్పింది. నీరసం ఉంటుందిలెమ్మన్నాను.

మూడో రోజు ఉదయం బస్సు దిగేసరికి గేటులో ఆమె లేదు. తెల్లవారేసరికి కుక్కకు నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయని, పొట్ట మీద కమిలినట్టు ఎర్రటి మచ్చలు లేచాయని రాత్రి డ్యూటీ అతను చెప్పాడు. ఆమె డ్యూటీకి వస్తూనే, సెలవు కూడా అడగకుండా, దాన్ని చీరకొంగులో చుట్టుకుని, ఆటో ఎక్కి గాజువాక వెళ్ళిందట. డాక్టరు సంగతి డ్రైవరును అడిగి తెలుసుకుందట.

మధ్యాహ్నం తిరిగి వచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నాయి. నేను ఎదురు వెళ్ళాను.

"పోనాడు" అంది. "బల్ల మీదే పోనాడు."



"నిన్ననే తెమ్మన్నాను గదమ్మా, అతను సెప్పలేదా అని డాకటేరు నన్ను కోప్పడినాడు. సెప్పినాడనే అన్నాను. నాకే తీరుబడి సిక్కలేదన్నాను." ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు తేలేకపోతే తేలేనని సెప్పాల గదా బాబూ. నాను సెలవెట్టి తీసికెల్దును. నిన్న అద్దరాత్రి లెగమన్నా ఎల్దును. నాకు సెప్పకపోతే నాకెలాగ తెలుత్తాది?"

నిన్న తీసుకువెళ్ళి ఉంటే బతికేదా అని తరువాత డాక్టరును అడిగాను. చెప్పలేం అన్నారు. బతకకపోయినా ఉండవచ్చు, కానీ చూసే అవకాశం ఉండేది అన్నారు. ఆ అవకాశం నాది కాదు, ఆమెది. దాన్ని నేను నా దగ్గరే అట్టేపెట్టుకున్నాను.

రిజిస్టరులో రాసినది కొట్టివేసి, జరిగినది జరిగినట్టు రాశాను. మేనేజరు చూసి, "కుక్క చనిపోతే దానికి రిపోర్టు ఏమిటయ్యా?" అన్నారు గానీ సంతకం చేశారు. గేటు గదికి కిటికీ తీయించి, జాలీ తలుపు పెట్టించాను. తాళం పీకించేశాను. ఆవరణలోకి వచ్చే జంతువులను ఏ పరిస్థితిలోనూ మూసిన చోట ఉంచరాదని ఒక పేజీ రాసి గేటులో అంటించాను. ముక్కు నొక్కుకుపోయినదా, ఒళ్ళు చేసినదా, వయసు మళ్ళినదా, ఊపిరి చప్పుడవుతోందా, అకస్మాత్తుగా కాసిన రోజా, ఇవన్నీ చూడాలనీ, కోలుకున్నట్టు కనబడినా మూడు రోజులు వైద్యుని పర్యవేక్షణలో ఉంచాలనీ రాశాను. ఆ పేజీ మంచి పేజీయే. పనికొస్తుంది. కానీ దాన్ని చదివి నన్ను మెచ్చుకున్నవాళ్ళకు, అది ఎలా నేర్చుకున్నానో చెప్పలేదు.

ఆమె ఇప్పటికీ అదే గేటులో ఉంది. ఎదురుపడితే పలకరిస్తుంది, ఇంట్లో నాన్న ఎలా ఉన్నారని అడుగుతుంది. కక్ష పెట్టుకునే మనిషి కాదు. కాని ఈ మధ్య ఆమెకు చక్కెర జబ్బు బయటపడింది. ఆసుపత్రి నుంచి చీటీలు వస్తున్నాయి. మా గేటులో ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివించుకోవడానికి నా దగ్గరకు రావడం ఆనవాయితీ. ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పడం నాకూ ఇష్టమైన పని. ఇంటిల్లిపాదికీ నేను చిన్నప్పటి నుంచి చేసినది అదే.

మొన్న టీ వేళ ఆమె ఒక చీటీ పట్టుకుని నా ముందు నుంచే వెళ్ళింది. ప్యాకింగులో పనిచేసే, పదో తరగతి దాకా చదివిన ఒకామె పక్కన కూర్చుంది. ఆ మనిషి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుతోంది. మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారో చూడమని ఆమె అడిగింది. చదివి చెప్పాక ఇంకోసారి చదవమంది. "సరీగా సూడవే, ఏదీ వొదిలీకు" అంది.

నేను అక్కడికి పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. వెళ్ళి, ఇటివ్వండమ్మా నేను చదువుతాను అనగలిగే అర్హత నాకు మిగల్లేదని తెలిసి, షెడ్డు వైపు నడిచాను.